ఇరవై రెట్ల బెంజీన్

"సంతకం పెడతారా, పెట్టరా?"

ప్రయోగశాల పెద్దసారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. దాన్ని లాక్కుని నేలకేసి కొట్టాలన్నంత మంట పుట్టింది ఆమెకి. ఐదింటిలోగా ఆయన సంతకంతో తన పరిశోధన వ్యాసం పత్రికకి చేరకపోతే వచ్చే నెలనుంచి ఆమెకి ఉద్యోగం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఇంత బెంజీన్ ఎక్కడిదమ్మా? లెక్క ప్రకారం రావాల్సినదానికి ఇరవై రెట్లు!"

"లెక్కే తప్పేమో!"

మూలనున్న గాజుపాత్రకేసి చెయ్యి చూపించింది. అందరూ దాన్ని కుండ అని వెక్కిరిస్తారు. నిజానికది వాయువులతో నిండిన మహాగ్రహపు ఆకాశానికి నకలు. హైడ్రోజన్, మీథేన్ లోపలికి వదిలి, సూర్యుడికి బదులు ఓ దీపం వెలిగిస్తే మీథేన్ విరుగుతుంది. ఆ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి. బెంజీన్ అలాంటిదే.

"గొట్టాల్లో పాత మురికేమో?"

"నా చేతులతో కడిగాను సార్. చర్మం ఊడొచ్చింది, చూడండి."

"పోనీ, మీథేన్ సగానికి తగ్గించి చూడు."

"చూశాను! సగమిచ్చినా అంతే వచ్చింది. పావువంతిచ్చినా అంతే. పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ అదే అంకె. ఇంకేం కావాలి మీకు? ఇదే ఫలితం మీ శిష్యుడెవడైనా తెస్తే ఈపాటికి భుజాలకెత్తుకుని ఊరేగేవారు!"

ఆయన కలం తీశాడు. ఆరు నెలల పోరుకి అలిసిపోయినట్టున్నాడు.

"ఎంత మొండిదానివి తల్లీ!" అంటూ సంతకం గీకి పడేశాడు.

కాగితం లాక్కుని పరిగెత్తింది. వ్యాసం పంపేసరికి ఐదుకి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. కుర్చీలో కూలబడింది. గెలిచానని నవ్వబోతే ఏడుపొచ్చింది.

తలుపు దగ్గర స్టోరు మనిషి దగ్గాడు.

"మేడమ్, గ్యాస్ కంపెనీవాళ్ళొచ్చారు. కింద గదిలోంచి మీ కుండకి మీథేన్ ఇచ్చే సిలిండర్ తీసుకెళ్తారట. అది ఖాళీయేనా?"

"ఖాళీ కాక? ఆర్నెల్లనుంచి దాన్నేగా వాడుతున్నాను!"

"అయితే మీరొకసారి వచ్చి చూడాలి మేడమ్."

"ప్రతిదానికీ నేనేనా?"

విసుక్కుంటూ మెట్లు దిగింది.

సిలిండర్ మూతికి కంపెనీ వేసిన సీలు చెక్కుచెదరలేదు.