పాయింట్ల విశ్వేశ్వర్

"నీ చెల్లె పురుటికి నా పాయింట్లా? అడగనీకి సిగ్గుండాలె!" అన్నాడు విశ్వేశ్వర్, పెరుగన్నం కలుపుకుంటూ.

భార్య చంద్రకళ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. ఇప్పుడే పుణె నుంచి చెల్లెలు నిత్య ఏడుస్తూ మాట్లాడింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందట, రేపు పొద్దున్నే ఆపరేషన్ అన్నారట. మొగుడు ఓడలో ఉద్యోగి, ఎక్కడో సముద్రం మధ్యలో ఉన్నాడు. తల్లి లేదు. ఉన్నది ఈ అక్క ఒక్కతే.

"రైలుకు పోతే రేపు మాపటికి గని చేరను. ఇయ్యాల రాత్రికి విమానం ఉన్నదట. పిల్ల ఒక్కతే పరేషాన్ల ఉన్నది. కార్డుల పాయింట్లున్నయి గద, జర టికెట్ ఇప్పియ్యిండ్రి."

"ఇయ్యాల అడిగి ఇయ్యాల ఎక్కుతనంటే పాయింట్లకు టికెట్లు రావు. నీకేం తెల్వది, ఊకో. పురుళ్లు దవాఖానల నర్సులు చూస్కుంటరు."

మిర్యాలగూడలో, బ్యాంకు కార్డు గీకితే వచ్చే ఈ పాయింట్ల గురించి విశ్వేశ్వర్ చెప్పే పాఠం వినని చుట్టం లేడు. ఎవరింట్లో పెళ్లికి బంగారం కొన్నా, ఎవరిని దవాఖానలో చేర్చినా ఈ మహానుభావుడు కౌంటర్ దగ్గర ముందే ప్రత్యక్షం. "క్యాష్ నాకియ్యిండ్రి, నా కార్డు గీకుతా" అని అడుక్కునేవాడు. అడుక్కోవడమే, దానికి ఇంకో మాట లేదు. ఏడుస్తున్నవాళ్ల చేతుల్లోంచి కూడా నోట్లు తీసుకుని, కార్డు గీకి, పాయింట్లు ఎప్పుడు పడతాయని ఆరా తీసేవాడు. ఇంత చేసీ ఒక్కసారైనా విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కితే పాయింట్లు తరిగిపోవూ!

చెయ్యి కడుక్కుంటుండగా అతని ఫోన్ మోగింది. కోదాడలో మిల్లు నడిపే దామోదర్, వరసకు బావమరిది.

"బావా, రేపు పొద్దున్నే గోవా వెళ్దాం. టికెట్లు నీ పాయింట్లతో వేయించు. అక్కడ ఖర్చంతా నాది. రేపటికి దొరుకుతాయంటావా?"

ఖర్చంతా నాది అన్న మాటకు విశ్వేశ్వర్ మొహం చాటంత అయింది. "ఎందుకు దొరకయి! పాయింట్లుంటే గడియల టికెట్లు!" అన్నాడు, పెళ్లాం ఎదురుగానే.

సిగ్గున్న మనిషైతే ఆ తర్వాత ఆమె మొహం చూడలేకపోయేవాడు. ఇతను బ్యాంకుకు ఫోన్ కలిపి ఆమె చేతిలోనే పెట్టాడు. పెట్టక తప్పదు. ఇతను నడిపే బియ్యం మిల్లు ఆమె పేర ఉంది. బ్యాంకు ఖాతా ఆమె పేర, కార్డు ఆమె పేర. రేపు అప్పులవాళ్లు మీద పడితే తన పేర పూచికపుల్ల కూడా ఉండకూడదని ఇతగాడి తెలివి. చూపించిన చోట సంతకం పెట్టడం, బ్యాంకువాళ్లు అడిగినప్పుడు ఫోన్‌లో గొంతు వినిపించడం ఆమె పని.

"నా పేరు, దామోదర్ పేరు చెప్పు. రేపు పొద్దుగాల గోవా. గాళ్లు ఏమడిగినా ఊ అను, సాలు. నీ తెలివి చూపియ్యకు."

"లైన్లు ఖాళీ లేవట. జరసేపాగి వాళ్లే చేస్తరట," అంది చంద్రకళ ఫోన్ చెవిదగ్గరి నుంచి తీసి.

బయట వడ్ల లారీ హారన్ కొట్టింది. "ఖరాబు చేసినవో, సూడు మల్ల!" అని వేలు చూపించి విశ్వేశ్వర్ మిల్లులోకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఆమె గిన్నెలు తోముతోంది.

"అయిందా?"

"అయింది."

"మరి టికెట్ ఏది?"

"గాడ విమానాల కాడ కౌంటర్ల పేరు చెప్తే ఇస్తరట."

"గంతే గద! దీనికి ఇందాకటిసంది చెల్లె చెల్లె అని నా పానం తీసినవ్."

తలకు రంగేసుకుని, కొత్త నల్లద్దాలు పెట్టుకుని మధ్యాహ్నమే దామోదర్ కారెక్కాడు. రాత్రికి హైదరాబాదులో ఉండి పొద్దున్నే విమానం అందుకోవాలని ప్లాను. నిత్య గురించి ఒక్క మాట అడగలేదు. "గేటుకు తాళమెయ్యి, పాలు పొంగియ్యకు" అన్నాడు. చంద్రకళ ఊ అంది.

తెల్లవారి శంషాబాదు కౌంటర్లో అమ్మాయి మళ్లీ మళ్లీ వెతికింది.

"మీ ఇద్దరి పేర్ల మీదా ఏమీ లేదు సార్."

"సక్కగ సూడు! పాయింట్ల టికెట్లవి!"

"ఇదేనా బావా, గడియలో టికెట్లంటే?" అన్నాడు దామోదర్, పక్కవాళ్లకు వినపడేలా.

విశ్వేశ్వర్ చెమటలు తుడుచుకుంటూ బ్యాంకుకు ఫోన్ చేశాడు.

"కార్డు చంద్రకళ మేడమ్ పేర ఉంది సార్. వివరాలు ఆవిడకే చెప్తాం."

"నేను ఆమె మొగున్ని!"

"సంతోషం సార్. మేడమ్‌ను లైన్లోకి పిలవండి."

తిట్టుకుంటూ ఇంటికి చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఆమె సెల్‌కు చేశాడు. అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"నిత్యకు పాప పుట్టింది. తల్లీపిల్లా మంచిగున్నరు," అంది చంద్రకళ.

"పుణెకు పోయినవా? నా పాయింట్లతోటి?"

"ఎవరి పేర టికెట్ చెయ్యాలని అడిగిన్రు. నా పేర అన్న. ఊ అన్నరు."

విశ్వేశ్వర్ అప్పుడైనా ఆ పసిగుడ్డు గురించి అడగలేదు.

"ఎప్పుడొస్తవ్? నాకు అన్నం ఎవలు వండాలె?"

"పిల్ల కోలుకున్నంక వస్త. మిగిలిన పాయింట్లకు కుక్కర్ చెప్పిన, ఇంటికే తెచ్చిస్తరు. చూపిచ్చిన కాడ సంతకం పెట్టుండ్రి, సాలు."