మెరుపు లేని బోటు

బోటు మీద తెల్లటి పొర కమ్మింది.

ఉమాశంకర్ స్ప్రే గన్ పక్కన పెట్టి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. సందేహం లేదు, పొరే. నీలం రంగు మీద ఎవరో విభూతి చల్లినట్టుంది.

మూడు నెలల పని. మూడడుగుల కర్ర బోటు. ఆఖరి పూత, మెరుపు లేని మాట్ వార్నిష్, పది నిమిషాల క్రితమే కొట్టాడు.

రేపు శనివారం. పొద్దున్న తొమ్మిదింటికి పుష్ప వస్తుంది.

"మెరిస్తే నాకొద్దన్నా," అని ఆర్డరిచ్చిన రోజే ఓ పాత బోటు ఫొటో చేతిలో పెట్టి చెప్పిందామె. "ఇదిగో, ఇలాగే ఉప్పుగాలికి ఎలిసిపోయినట్టుండాల. సూసినోడు నిజం బోటే అనుకోవాల."

మొన్న ఫోన్ చేసి, "శనారం దాటితే నాకిక పనికిరాదు," అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో ఉమాశంకర్ షెడ్డు. ఇన్నాళ్ళూ అతను చేసిన బొమ్మ ఓడలన్నీ తళతళలాడేవే. మాట్ పూత ఇదే మొదలు.

"అడుగు కలపనేదేటి నాయనా?"

గుమ్మంలో ఓ ముసలాయన. మాసిన లుంగీ, పెరిగిన గడ్డం. కాళ్ళకు చెప్పుల్లేవు. కళ్ళు మాత్రం బోటు మీదే.

"ఎవలు నువ్వు?"

"సీసా అడుగున పొడి దిగిపోతాది. కలపకపోతే పైన తేటంతా ముందెల్లిపోయి, ఆఖర్న పిండే మిగుల్తాది. ఆ తెలుపు అదే."

ఉమాశంకర్ సీసా ఎత్తి చూశాడు. అడుగున నిజంగానే తెల్లగా గడ్డకట్టి ఉంది. దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

"పైగా సంద్రం గాలి తోల్తంది. తడి గాలిలో కొట్టొచ్చేటి?"

"నాకు సెప్పొచ్చేవా? పదేళ్ళు కార్ల షెడ్డులో రంగులు కొట్టినోడ్ని నాను!"

"కారు మెరవాల. బోటు మెరవకూడదు." ముసలాయన లోపలికొచ్చాడు. "తుడవకు నాయనా. మెరుపు వార్నిస్ పల్సగా ఒక్క పూత కొట్టు. తెలుపు మాయమైపోద్ది. పొద్దున్న గాలి పొడిగుంటాది. అప్పుడు సీసా బాగా కలిపి, మాట్ కొట్టు."

"మెరవకూడదంటే మెరుపు కొట్టమంటావు! మతుండే మాటాడతన్నావా?"

ముసలాయన ఇంకా దగ్గరికొచ్చాడు. చెయ్యి చాపి బోటు ముక్కు మీద వేలు పెట్టాడు.

"ముట్టుకోకు! ఆరనేదు!"

"ఈ మూల కూకుంటాను. ఆరినదాకా సూత్తాను. అంతే."

"టీకి డబ్బులు కావాలా?"

"వొద్దు. సూత్తాను."

ఉమాశంకర్ ఓపిక నశించింది. ముసలాయన రెక్క పట్టుకుని, సందులోని నూకాలు టీకొట్టు దాటించి, సందు చివరిదాకా గెంటాడు.

"మల్లీ ఇటొచ్చేవంటే కాళ్ళిరగ్గొడతాను!"

తిరిగొచ్చి పనిలో పడ్డాడు. కార్ల షెడ్డులో పూత చెడితే ఒకటే మందు. పాత గుడ్డ, రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి గట్టిగా రుద్దాడు.

తెలుపు పోయింది. దాంతోపాటు నీలమూ పోయింది.

కంగారులో ఇంకా రుద్దాడు. ముక్కు మీద రాసిన 'గంగాలమ్మ తల్లి' అన్న అక్షరాలు చారలు కట్టి కిందికి జారాయి. కారు రంగు థిన్నర్‌ని తట్టుకుంటుంది. ఈ మోడల్ రంగు తట్టుకోదు. అది అతనికి తెలుసు. చేతికే గుర్తులేదు.

బల్ల మీద ఓ చిన్న చెక్క ముక్క మిగిలింది. బోటుతో పాటే దానికీ రంగు వేసి, ఆఖర్న గన్‌లో మిగిలిన మాట్ దాని మీదే కొట్టాడు. దానికీ అదే నీలం, అదే తెల్ల పొర.

దాన్ని దగ్గరికి లాక్కుని, మెరుపు వార్నిష్ పల్చగా ఒక పూత కొట్టాడు.

కళ్ళముందే తెలుపు మాయమైంది.

పొద్దున్నే సీసా బాగా కలిపి దాని మీద మాట్ కొట్టాడు. ఆరింది. ఫొటో పక్కన పెట్టి చూశాడు. అచ్చం అదే.

ఉమాశంకర్ టీకొట్టుకు పరిగెత్తాడు.

"నూకాలక్కా, నిన్నటి ముసిలాయన ఏడీ?"

"నువ్వు గెంటీసినాక ఎనక్కొచ్చి ఈ బల్ల మీదే కూకున్నాడు. నీ షెడ్డేపే సూసి సూసి, సిగ్నల్ కాడ ఆగిన గూడ్సు ఎక్కేసినాడు."

"ఎటెల్లింది?"

"గూడ్సుకి బోర్డుంటాదేటి బాబూ?"

తొమ్మిదింటికి పుష్ప వచ్చింది. బోటును చూసింది. గుమ్మంలోనే కూలబడింది.

"తప్పు నాదేనమ్మా. ఒక్క నెల టైమియ్యి. అచ్చుగుద్దినట్టు సేసిత్తాను."

"నెలకి మడిసుంటాడో నేడో అన్నా."

"ఎవలు?"

"మా నాయిన." ఆమె బోటు మీద మిగిలిన నీలం మరకను వేలితో తడిమింది. "మా బోటు ముక్కలు సేసి అమ్మేసిన రోజే ఆయనకి మతి పోయింది. ఇల్లొదిలేసి ఎనిమిది నెల్లు. నన్నే గురుతు పట్టడు, గానీ బోటుని మరవడు. ఈ పట్టాల కాడ తిరగతన్నాడని మొన్న ఎవలో సెప్పినారు. ఇంకెటైనా ఎల్లిపోకముందే దీన్ని తోపుడుబండి మీద పెట్టి ఈదీ ఈదీ తిప్పితే, ఎక్కడున్నా వచ్చి ఆగుతాడని సేయించినాను."

ఉమాశంకర్ బల్ల మీది చెక్క ముక్కకేసి చూశాడు.

పుష్ప కళ్ళు తుడుచుకుని, ఫోన్‌లో ఇంకో ఫొటో తీసి అతని ముందు పెట్టింది.

"ఎప్పుడైనా ఇటేపు వచ్చినాడా అన్నా?"

నీలం బోటుకు ఆనుకుని, చేతిలో బ్రష్షుతో నవ్వుతున్నది, నిన్న ఉమాశంకర్ రెక్క పట్టి సందు చివరిదాకా గెంటేసిన మనిషే.