ఆఖరి లెవెల్ జెల్లీ

"ఎర్రది ప్రాణం, నీలం మంత్రశక్తి, పచ్చది విషం." మందుల షాపాయన గిన్నెలో గరిటె తిప్పుతూ మరోసారి వల్లించాడు.

"విషం కాదు నాన్నా, విషానికి విరుగుడు," అంది కూతురు. "మొదటిసారి ఇంటికొచ్చినవాడికి విషం అని చేతికిస్తావా?"

గేమ్స్ గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే. కూతురు గది తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, "వెనక చూసుకో, చస్తావ్" అని ఎవరి మీదో కేకలేస్తే అది గేమ్. ఇప్పుడు వాటినే గ్లాసుల్లోకీ కప్పుల్లోకీ దించాల్సి వచ్చింది.

అంతా కాబోయే చిన్నల్లుడి కోసం. "చాలా మంచివాడు నాన్నా, కానీ నోట్లోంచి మాట ఊడిపడదు. గేమ్స్ అంటే మాత్రం ఆగడు," అని కూతురు ముందే చెప్పింది. గేమ్స్ పేరుతో కాక్‌టెయిల్స్, జెల్లీ షాట్స్ చేద్దామన్న సలహా కూడా ఆ పిల్లదే. ఒక్కొక్కటీ చేతికిస్తే చాలు, మాట దానంతటదే వస్తుందట.

మాట ఊడిపడకపోవడంలో ఈయనా తక్కువ తినలేదు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోండి" అన్న మాటతోనే జీవితమంతా నెట్టుకొచ్చాడు. పెద్దల్లుడు తొలిసారి వచ్చినప్పుడు "రండి" అన్నాడు. వెళ్ళేటప్పుడు "మంచిది" అన్నాడు. మధ్యలో అంతా ఫ్యాను చప్పుడే. మావగారికి తను నచ్చలేదని ఆ అల్లుడి మనసులో పడిపోయింది. ఇప్పటికీ ఇక్కడికి రావాలంటే అతనికి ఏదో ఒక పని అడ్డమొస్తుంది. దాంతో పెద్దకూతురి రాకపోకలూ తగ్గాయి. ఆ దిగులు ఆయన్ని లోలోపల తినేస్తోంది. ఈ అబ్బాయి దగ్గరా నోరు పెగలకపోతే చిన్నదీ దూరమైపోతుంది.

కలపడం మాత్రం చేతనైన పనే. జెలటిన్ పొడి వేడినీళ్ళలో కరిగించాడు. వేడి తగ్గాక వోడ్కా కొలిచి పోశాడు. దగ్గుమందు సీసాలకు వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులు షాపు నుంచి కొత్తవి తెచ్చి, వాటిల్లో రంగురంగులుగా నింపి ఫ్రిజ్‌లో పెట్టాడు.

"ఇన్నాళ్ళూ మందులమ్మారు, ఇప్పుడు మందు కలుపుతున్నారు," అంది భార్య, ఓ చెంచా రుచి చూసి. "నలుగురికీ చెప్పుకోలేం గానీ, బాగానే ఉంది." అని ఇంకో చెంచా తీసుకుంది.

చివరిది మాత్రం మొండికేసింది. అది బంగారు నాణెం కావాలి. పచ్చి పైనాపిల్ రసం పోస్తే జెల్లీ గట్టిపడదని ఆయనకు తెలియదు. మిగిలిన ఎరుపూ నీలమూ అందులో కుమ్మరించి చూశాడు. బురద తయారైంది. అంతలో బెల్ మోగింది.

అబ్బాయి సోఫా అంచున కూర్చున్నాడు. ఈయన ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాను చప్పుడు మొదలైంది. కూతురు ట్రే తెచ్చి మధ్యలో పెట్టి, తండ్రి కాలు తొక్కింది.

"ఇది ప్రాణం," అన్నాడాయన ఎర్ర కప్పు అందిస్తూ. "దెబ్బలు తగిలితే తాగేది."

అబ్బాయి దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు.

"రంగు సరిగ్గా కుదిరింది అంకుల్," అని అతను నోట్లో వేసుకున్నాడు. "తొందరపడి వాడేసుకుంటేనే చిక్కు."

ఈయనకు ప్రాణం లేచొచ్చింది. తనూ ఒకటి మింగాడు. నీలం గ్లాసు అందించి, "మంత్రాలు వెయ్యాలంటే ఇది ఉండాలి," అన్నాడు.

"లేకపోతే కష్టమేనండి."

పచ్చదాని దగ్గర కంగారులో "విషం" అనేశాడు. కూతురు కళ్ళు మూసుకుంది.

అబ్బాయి కప్పులోకి తొంగి చూశాడు. "ఒక్కోసారి విషం తాగితేనే తలుపు తెరుచుకుంటుందండి," అని గుటుక్కున మింగేశాడు. ఎంత లోతు తెలిసినవాడో అని ఈయన మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"మీరు ఎక్కువగా ఏవి ఆడతారంకుల్?"

ఈయన పైప్రాణాలు పైనే పోయాయి. "నేనా? అన్నీ."

"నేనూ అంతేనండి."

ట్రే ఖాళీ అయింది. అప్పటికే బుగ్గలు ఎర్రబడ్డ భార్య వంటింట్లోంచి ఆ బురద కప్పు పట్టుకొచ్చేసింది.

"ఇదేంటంకుల్?"

"బురద రాక్షసుడు," అన్నాడాయన నోటికొచ్చినట్టు. "ఆఖరి లెవెల్లో వస్తాడు."

అబ్బాయి గంభీరంగా తలూపాడు. "వాడి దగ్గరే నేను చాలాసార్లు చచ్చానండి."

నిజంగానే అలాంటివాడు ఒకడున్నాడన్నమాట. ఈయన సంతోషం పట్టలేకపోయాడు. "వాణ్ణి మోకాలి మీద కొట్టాలి," అన్నాడు లేచి నిలబడి.

"ఎడమ మోకాలండి," అని అబ్బాయీ లేచాడు.

తర్వాత హాల్లో చూడాల్సిన యుద్ధం జరిగింది. ఒకరి చేతిలో గరిటె, ఒకరి చేతిలో అట్లకాడ. భార్య దుప్పటి కప్పుకుని రాక్షసుడి వేషం కట్టి, ఎంత కొట్టినా చావనని మొండికేసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు.

"వచ్చే వారం మళ్ళీ రా బాబూ," అన్నాడు గుమ్మంలో అబ్బాయి భుజం మీద చెయ్యేసి. "పెద్దల్లుణ్ణి కూడా నేనే ఫోన్ చేసి పిలుస్తాను. అందరం కలిసి కొడదాం ఆ రాక్షసుణ్ణి."

అబ్బాయిని సాగనంపడానికి కూతురు గేటు దాకా వెళ్ళింది. ఈయన లోపలికొచ్చి సోఫాలో వాలిపోయాడు. "అంత తెలిసీ ఎంత అణకువో చూశావా," అన్నాడు భార్యతో. "నేను ఎన్ని తప్పులు చెప్పినా పైకి తేలనివ్వలేదు."

గేటు దగ్గర అబ్బాయి చుట్టూ చూసి, రుమాలుతో మెడ తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "మీ నాన్నగారికి గేమ్స్ తప్ప వేరే మాట పట్టదని నువ్వు ముందే చెప్పబట్టి అవీ ఇవీ బట్టీపట్టి గట్టెక్కాను గానీ, నా జన్మలో ఒక్క గేమన్నా ఆడిన మొహమేనా నాది?"