ఆ మూడు వాక్యాలు

వ్యాసం మూడో పేజీ దగ్గర లెక్చరర్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

‘తీగ మీద ఆరేసిన బట్టలు చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరు ఎదుగుతున్నారో, ఎవరు తగ్గిపోతున్నారో తెలిసిపోతుంది.’

ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. తర్వాతి రెండూ అంతే. అవి నిరుడు కన్నుమూసిన తన తండ్రి పుస్తకంలోవి. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పుస్తకం. ఆయనా ఈ కాలేజీలోనే పాఠాలు చెప్పారు.

వ్యాసం రాసింది క్లాసంతా అక్కయ్య అని పిలిచే యాభై ఆరేళ్ళ విద్యార్థిని. ఇదే కాలేజీలో మొదలై, పెళ్ళితో ఆగిపోయిన చదువును పిల్లలు స్థిరపడ్డాక మళ్ళీ అందుకుంది. ఈ వయసులో ఎందుకని ఆఫీసువాళ్ళు నసిగితే, పట్టుబట్టి సీటిప్పించింది లెక్చరరే.

ఆ మనిషే ఇలా ఎత్తి రాసుకుంటుందా? లెక్చరర్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

క్లాసు అయ్యాక అక్కయ్యను స్టాఫ్ రూముకు పిలిచింది.

“ఈ మూడు వాక్యాలు మా నాన్నగారివి కదా?”

అక్కయ్య కాగితం వైపు చూసింది.

“అడిగితే పుస్తకం నేనే ఇచ్చేదాన్ని. మీరిలా చేస్తారనుకోలేదు అక్కయ్యా. మిమ్మల్ని నమ్మాను.”

“ఇప్పుడేం చెయ్యమంటారు మేడమ్?”

“వేరేవాళ్ళ మాటలకు కొటేషన్ గుర్తులు పెట్టండి. ఎవరివో కింద రాయండి. అనుమానం ఉన్నచోట ఆధారం జతచెయ్యండి.”

“మొదట ఎక్కడ రాశారో అదే చూపించాలా?”

“అదే.”

“సరే మేడమ్.” కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సోమవారం అక్కయ్య సరిదిద్దిన వ్యాసం బల్ల మీదికి వచ్చింది. మిగతా కొటేషన్లన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఆ మూడు వాక్యాలకు మాత్రం గుర్తులు లేవు.

లెక్చరర్‌కు ఒళ్ళు మండింది. ఎంత మొండితనం!

కాగితాల కింద అట్ట ఊడిన పాత నోటుబుక్కు కనిపించింది. లోపల అక్కయ్య చేతిరాత. ఒక పేజీలో చీటీ పెట్టి ఉంది. విసురుగా అక్కడ తెరిచింది.

అవే మూడు వాక్యాలు, వాటి పక్కన నాన్న పుస్తకం అచ్చవడానికి రెండేళ్ళ ముందటి తేదీతో ఎర్ర సిరాలో నాన్న చేతిరాత: “నీ సొంత మాటలే అన్నావు కాబట్టి, కొటేషన్ గుర్తులు కొట్టేశానమ్మా.”