ముందు కుడి చక్రం

టాలివర్ సంచి టాలివర్ సర్దుకోలేదు. వెర్డీయే సర్దింది.

రెండు చొక్కాలు, గడ్డం కత్తి, ఇంకా తడి ఆరని మేజోళ్ళు అందులో కుక్కింది. పొమ్మన్నా పస్తుతో పంపకూడదని పైన ఒక మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టింది.

గది అద్దెకు కావాలంటూ వారం కిందట వచ్చాడా మనిషి. పేరు తప్ప ఏమీ చెప్పలేదు. ఈ పొద్దున కొట్టంలో, ఆమె కొడుకు హోబర్ట్ నడిపే కారు కింద అతను పడుకుని ఉండగా దొరికాడు.

బ్రషీ కొండల్లో పరాయివాడి కారు కిందకి దూరేది ఎక్సైజు వాళ్ళే. దొంగసారా మోసే కారుకి, బరువుకి కుంగకుండా వెనక కమాను కట్టలు బలంగా ఉంటాయి. అవి కంటబడితే చాలు, కేసు. వెర్డీ మొగుడు అలాగే దొరికి అట్లాంటా జైల్లో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది హోబర్ట్ ఒక్కడే.

"సర్కారు మనిషివేనా నువ్వు?"

"ఇప్పుడు కాదమ్మా."

"ఇప్పుడు కాదట! చీకటి పడ్డాక అవుతాడు కాబోలు," అన్నాడు హోబర్ట్.

"బాబూ, రేపు పందెంలో ఆ ముందు కుడి..."

"వాడికి నువ్వేం చెప్పక్కర్లేదు. నడు!" వెర్డీ సంచి తీసి గుమ్మం బయట పెట్టింది.

అతను టోపీ తీసి తల వంచి, మెట్లు దిగాడు.

హోబర్ట్ కారు వెనక భాగమంతా తడిమి చూశాడు. "ఏదీ ముట్టుకోలేదే అమ్మా. సమయానికి పట్టేశాం."

ముందువైపు చూడాలని ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు గుండ్రటి ఎర్రమట్టి బాటలో కార్ల పందెం. వారమంతా సారా మోసిన కార్లే అన్నీ. కొండదారిలో ఎప్పుడో గాని విరగని చక్రాలు, చుట్టూ ఎడమకే తిరిగేసరికి బరువంతా పడి ముందు కుడివైపువి విరగసాగాయి. ఒక కారు కంచె దాటి బోర్లాపడింది. హోబర్ట్ చక్రం నిలిచింది.

ఇంటికొచ్చి ఆ చక్రం విప్పితే, లోపల మందపాటి ఉక్కు బిళ్ళ కొత్తగా బిగించి ఉంది.

"టాలివర్ పనే ఇది," అన్నాడు పక్కింటి డ్యూయీ. "నన్ను రెండుసార్లు పట్టుకున్నాడుగా, నాకు తెలీదా!"

"అయితే ఎక్సైజు వాడేగా?" అంది వెర్డీ.

"లోనీ పోయేదాకా."

ఆ మాట వెనకున్న కథంతా విని, "ఒరేయ్, బస్సు దగ్గర చూడరా," అంటూ ఆమె కొడుకుని తోసింది.

బస్సు నిన్ననే వెళ్ళిపోయింది.

తాను వెంటాడుతుండగా చక్రం విరిగి లోనీ అనే కుర్రాడు చచ్చిపోతే, మర్నాడే ఉద్యోగం వదిలేసి, కొండ కొండా తిరుగుతూ సారా కుర్రాళ్ళ చక్రాలు గట్టిచేస్తున్న టాలివర్, 1948 అక్టోబరులో ఆ శనివారం మెట్లు దిగాక మళ్ళీ రాలేదు.