పన్నెండో ఎలుక

టీ ట్రే బల్ల మీద పెట్టగానే, ఇంటర్వ్యూకొచ్చిన పెద్దమనిషి నోరు విప్పాడు.

"ఐదుగురం ఉన్నామండీ. నాలుగే వచ్చాయి."

తన ముందున్న కప్పును చివరి కుర్చీలోని గుమాస్తా వైపు జరిపాడు.

ఇంటర్వ్యూ చేస్తున్న డాక్టరమ్మకు నవ్వొచ్చింది. కప్పులు లెక్కపెట్టడానికా ఈయన్ని పిలిచింది?

ఆమె క్యాన్సర్ పరిశోధన విభాగానికి పెద్ద. నూట నలభై పేపర్లు అచ్చయ్యాయి. వాటిలో ఒకదాన్ని దేశదేశాల శాస్త్రవేత్తలు రెండు వేలసార్లు తమ పేపర్లలో పేర్కొన్నారు. ఆ అంకె గది తలుపు మీద, ఆమె పేరు కిందే ఉంటుంది.

"ఇరవై రెండేళ్లలో నాలుగే పేపర్లా?"

"అవునండీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"చదివానండీ. ఎక్కువగా వేరేవాళ్లు రాసినవి."

"చదవడం అందరూ చదువుతారు లెండి."

పక్కనున్న డైరెక్టరు కిసుక్కున నవ్వాడు.

"మా ల్యాబ్ మూసేశారమ్మా. ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం."

"ఏ సంగతైనా రాస్తాం. వెళ్లిరండి."

ఆయన గుమ్మం దాటకముందే ఆమె ఆ దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టేసింది.

నెల తిరక్కుండా, కొత్త మందు మీద తను రాసిన పేపరును పత్రికకు పంపింది.

అచ్చుకు ముందు పత్రికవాళ్లు ఏ పేపరునైనా ఆ విషయం తెలిసినవాళ్లకు చూపిస్తారు. రాసిందెవరో చూసేవాళ్లకు తెలుసు. చూసిందెవరో రాసినవాళ్లకు తెలియదు, చూసినవాళ్లు ఎక్కడా చెప్పుకోకూడదు.

వెనుక ఆ పేరుమోసిన పేపరప్పుడు అలాంటివాడొకడు ఆమెచేత ఏడాదిపాటు మూడు చెరువుల నీళ్లు తాగించాడు.

'పన్నెండు ఎలుకలకు మందిచ్చామన్నారు. పట్టికలో పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏమైంది?'

ఆ చచ్చిన ఎలుక సంగతి తవ్వితే మోతాదులో తప్పు బయటపడింది. పనంతా మళ్లీ మొదటికొచ్చింది. ల్యాబ్‌లో అందరూ కలిసి ఆ ముక్కూమొహం తెలియనివాడికి శనిగాడని పేరు పెట్టారు.

ఈసారి మూడు వారాల్లోనే జవాబొచ్చింది. ఒక్క ప్రశ్నా లేదు.

"శని వదిలింది మేడమ్!" అంది సీనియర్ స్టూడెంటు. ఆ సాయంత్రం కేకు కోశారు.

ఆ పేపరును సాక్ష్యంగా చూపించి, మందును మనుషులకివ్వడానికి అనుమతి తెచ్చారు. మొదట ఆరుగురికి. వాళ్లలో ఒక దర్జీ ఉన్నాడు.

"మీరు కనిపెట్టిన మందటగా డాక్టరమ్మా, ఇంక నాకేం భయం?"

ఆమె కోటుకు ఊడిన గుండీని మంచం మీద కూర్చునే కుట్టిపెట్టాడు.

తొమ్మిదో రోజుకు అతని కళ్లు పచ్చబడ్డాయి. పదకొండో రోజున పోయాడు. ఆ వారంలోనే మరో ఇద్దరు. ముగ్గురికీ కాలేయమే పాడైంది.

"నడిచొచ్చిన మనిషమ్మా" అంది దర్జీ భార్య, గోడకానుకుని.

డాక్టరమ్మ అట్నుంచి అటే ల్యాబ్‌కు వెళ్లి రోజువారీ పుస్తకం తెరిచింది.

మందిచ్చింది పన్నెండు ఎలుకలకు. అచ్చయిన పట్టికలో ఉన్నవి పదకొండు.

"ఒకటి నాలుగో రోజే చచ్చింది మేడమ్. ఏదో జబ్బనుకుని తీసేశాం." స్టూడెంటు సంతకమున్న కాగితం ముందు పెట్టింది. "మీకు చూపించే పంపాం. మీరే సంతకం పెట్టారు."

పెట్టింది. లెక్కపెట్టలేదు.

పత్రిక సంపాదకుడికి రాసింది. 'అప్పట్లో నన్ను ఏడాది ఏడిపించినాయనకు ఈ పేపరు ఎందుకు పంపలేదు? ఆయన చూసుంటే ముగ్గురు మనుషులు బతికేవాళ్లు.'

మర్నాడు జవాబొచ్చింది.

'మొట్టమొదట ఆయనకే పంపాం. పైన రాసినవారి పేరు చూసి, తెరవకుండానే తిప్పి పంపారు. ఆయన చెప్పమన్న మాటను, ఆ తర్వాత పేపరు చూసినవాళ్లకు చెప్పాం. మీ పేరు చూశాక వాళ్లు లెక్క అక్కర్లేదనుకున్నట్టున్నారు. ఆయన పేరు చెప్పే హక్కు మాకు లేదు. రాసిన ముక్కలు మాత్రం పంపుతున్నాం.'

కింద నాలుగు వరుసలున్నాయి. డాక్టరమ్మ నిలబడే చదివింది.

'చూడబోయేవాళ్లకు ఒక్క మాట చెప్పండి, ముందు ఎలుకల్ని లెక్కపెట్టమని. నేను మాత్రం చూడకూడదు. పోయిన నెల ఆవిడ దగ్గరికే ఉద్యోగానికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. ఆ కడుపుమంటతో ఆవిడ పేపరు మీద చెయ్యి వెయ్యడం న్యాయం కాదు.'