మూడు పొంగులు

“ఆ పురుగులు మీ నాన్న ఒంట్లోకి పోతేనో?”

కూతురు డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టిందో లేదో, తల్లి రెండడుగులు వెనక్కి వేసింది. డబ్బాలో పల్చటి గంజిలాంటి నీళ్లున్నాయి.

“పురుగులు కావమ్మా, బ్యాక్టీరియా. మన సముద్రంలోంచి తీసి పెంచినవే. సముద్రంలో కట్టిన మన చేపల వలగూళ్ల దగ్గర పోస్తే, అక్కడి ఎర్ర నాచును చంపుతాయి.”

“నాచును చంపేవి మనిషిని వదులుతాయా? రోజూ పీకల్లోతు నీళ్లలో దిగే మనిషాయన!”

“నీ భయాలకు మందు మా ల్యాబులో లేదు. నాచు ఇలాగే ఉంటే రేపటికి మన వలగూళ్లలో ఒక్క చేప మిగలదు. అది ఆలోచించు,” అని విసుక్కుని కూతురు స్నానానికి వెళ్లింది.

తల్లి ఆలోచించింది. చేపలు పోతే మళ్లీ పెంచుకోవచ్చు. మొగుడు పోతే? గబగబా పొయ్యి వెలిగించింది. డబ్బాలోది గిన్నెలోకి వంచి, పాలు కాచినట్టు మూడు పొంగులు రానిచ్చి, మళ్లీ డబ్బాలో పోసేసింది.

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు డబ్బా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఏం చేశావమ్మా?”

“కాచానంతే...”

“ఒక్కటీ బతికుండదు! అన్నీ చచ్చుంటాయి!”

“నాకు కావలసిందీ అదేగా,” అనేసి నాలుక కరుచుకుంది తల్లి.

తండ్రి వలగూళ్ల దగ్గర్నుంచి బకెట్ నిండా ఎర్రనీళ్లు తెచ్చి వాకిట్లో దించాడు. సంగతి విని భార్యను ఒక్క మాట అనలేదు. ఆవిడకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

“చచ్చినవైతేనేం, పోసి చూడమ్మా. ఇంకా పోయేదేముంది?” అన్నాడు కూతురితో.

కూతురు మొహం మాడ్చుకునే బకెట్లో పోసింది. ఆపైన బకెట్ పక్కనే కూలబడింది.

మధ్యాహ్నం దాటింది. తల్లి గుమ్మానికీ వంటింటికీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

“కాస్త తినవే. పోనీ, తిట్టనైనా తిట్టు.”

కూతురు మొహం పక్కకు తిప్పుకుంది.

“ఏవండీ, మీరైనా అడగండి.”

ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. గూళ్లలో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయి.

పొద్దువాలాక కూతురు బకెట్లోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఇంకో చుక్క పెట్టింది.

“ఏమైందే? నీకు దణ్ణం పెడతాను, మాట్లాడవే!”

కూతురు తలెత్తింది.

“నాచంతా చచ్చిందమ్మా. చంపేది అవి కాదు, అవి వదిలిన రసం. మరిగినా చెక్కుచెదరలేదు. ల్యాబు నుంచి ఈ నీళ్లే పీపాలకొద్దీ తెప్పిస్తున్నాను, నీ భయం తీరేలా అన్నీ కాచే పోద్దాం, ఇంట్లో పెద్ద గిన్నె ఏదుంటే అది పొయ్యి మీద పెట్టు!”